ఆరుగురు మనుషులు, పద్దెనిమిది ట్యాంకర్లు

వెన్నుపూసకు కూడా టీబీ వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. నడుము నొప్పే కదా అని ఆరు నెలలు ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఆఫీసుకు పోయాను. అనంతపురంలో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే పని నాది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని కాబట్టి తప్పంతా కుర్చీ మీదికి నెట్టాను. ఒకరోజు మధ్యాహ్నం లేవబోతే ఎడమ కాలు లేవలేదు. స్కానింగ్ తీశాక డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టి, రెండు పూసల మధ్య కరిగిపోయినట్టున్న చోటు చూపించాడు. మాత్రలు ఏడాదిన్నర వాడాలి. మొదటి నాలుగైదు నెలలు మంచం దిగకూడదు, కూర్చోకూడదు. పక్కకు తిరగాలన్నా దుంగ దొర్లినట్టు ఒళ్లంతా ఒకేసారి తిరగాలి.

బుక్కరాయసముద్రంలో మేం అద్దెకుంటున్న ఇంటి వెనక గదిలో చెక్క మంచం వేశారు. ఆ గది లోపలి కొలత తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు, పది అడుగులు. కిటికీ మూడు బై నాలుగు. కిటికీ అవతల రెండున్నర అడుగుల సందు, ఆ వెంటనే పక్కింటి గోడ. పూత లేని ఇటుక గోడ. పడుకుని చూస్తే పదమూడు వరుసల ఇటుకలు కనిపించేవి. పొద్దున తొమ్మిదింటికి వాటి మీద ఎండ పడేది, పదకొండుకు పోయేది. ఆ తర్వాత ఆ రోజులో ఇక మారేది ఏమీ ఉండేది కాదు.

మా ఆయన పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పని చేస్తాడు. ఆదివారాలు మాత్రమే వస్తాడు. అమ్మాయి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అందుకని నన్ను చూసుకోవడానికి ధర్మవరం నుంచి మా అత్త వచ్చింది. రెండు చీరలు, ఒక దువ్వెన, బీపీ మాత్రలు సంచిలో వేసుకుని పదిహేను రోజులకని వచ్చింది.

మా అత్త పట్టుచీరలు నేసిన మనిషి. పెళ్లికి ముందు నుంచీ గుంత మగ్గమే. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, అంచు మీద కూర్చుని, ముప్పై ఏళ్లకు పైగా నేసింది. మోకాళ్లు పోయాక మానేసింది. మాట తక్కువ. ఉన్న మాట మొహం మీదే అంటుంది. మా పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా మేమిద్దరం ఒక గదిలో గంటసేపు కలిసి కూర్చున్నది తక్కువ. ఇప్పుడు ఆమె నాకు అన్నం తినిపించాలి, ఒళ్లు తుడవాలి, ఒంటికీ రెంటికీ మంచంలోనే పాన్ పెట్టి తీయాలి. ఆ మాత్రలకు మూత్రం నారింజ రంగులో వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు ఆమె మొహం తిప్పుకోలేదు. "రంగు బాగ పట్టింది" అంది, అంతే.

అమ్మాయి హాస్టల్‌కు పోతూ తన పాత ట్యాబ్ నా కోసం వదిలిపోయింది. మా ఆయన దాన్ని నా మొహానికి ఎదురుగా కిటికీ చువ్వలకు తీగతో కట్టాడు. అందులో అమ్మాయి ఎప్పుడో దించుకున్న ఒక విదేశీ సీరియల్ ఉంది, తెలుగులో డబ్బింగ్ చేసింది. ఆరుగురు మనుషులు ఒక నౌకలో రెండేళ్ల ప్రయాణం మీద ఏదో గ్రహానికి పోతుంటారు. నాకు అలాంటివి ఇష్టమేమీ లేదు. వేరే ఏమీ లేదు కాబట్టి చూడటం మొదలుపెట్టాను. అత్త కింద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ నాతోపాటు చూసేది. మూడో రోజు ఆమె అడిగింది.

"ఇంతమంది ఉండారు. నీళ్లు యాడ పెట్టుకున్నారు వీళ్లు?"

"లోపల యాడో ట్యాంకు ఉంటాది లే అత్తా."

"ఉంటే చూపియ్యల్ల కదా. ఆయమ్మి తలకు పోసుకోని వెంట్రుకలు తుడుచుకుంటాండాది. బిందె లేదు, డ్రమ్ము లేదు. ఆ బండి ఎంత ఉంటాది, పాపా?"

నాకు తెలియలేదు. ఒక కట్టడాన్ని చూసి ఎంతుంటుందో చెప్పలేకపోవడం నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. రోజూ చేసే పని అదే కదా. ఆ ఆదివారం మా ఆయన చేత నా స్కేలు, పెన్సిలు, ఒక పుస్తకం తెప్పించుకున్నాను. పడుకునే రాయడానికి ఒక అట్ట కూడా.

కొలవాలంటే ముందు తెలిసిన కొలత ఒకటి దొరకాలి. ఐదో భాగంలో దొరికింది. ఆ నౌకలో ఉండే వైద్యురాలు గుండ్రటి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తుంది, కెమెరా బయట ఉంటుంది. ఆమె రెండు భుజాలూ ఆ గుండ్రంలో పట్టాయి, అటూ ఇటూ మూడేసి వేళ్ల సందుతో. అంటే కిటికీ అడ్డం రెండు అడుగులు. తర్వాత నౌక మొత్తం పక్కనుంచి కనిపించే చోట బొమ్మ ఆపమన్నాను. నా చెయ్యి అందదు కాబట్టి అత్తే స్కేలు పట్టుకుని తెర మీద పెట్టింది. అద్దాలు పెట్టుకుంటే ఆమెకు దగ్గరి చూపు నాకంటే నయం. కిటికీ రెండు మిల్లీమీటర్లు, నౌక పొడవు నూట యాభై, ఎత్తు ఇరవై రెండు. లెక్క కడితే నౌక నూట యాభై అడుగుల పొడవు, ఇరవై రెండు అడుగుల ఎత్తు తేలింది. గార్లదిన్నె దగ్గర ఒకాయన గోడౌనుకు నేను ప్లాను గీశాను, దాని పొడవూ అంతే. ఆ మాట చెబితే అత్త తల ఊపింది.

"గోడౌను అంత. సరే. అయితే దాంట్లో నాలుగు అంతస్తులు ఎట్ల పట్టినాయి?"

అది నిజమే. సీరియల్లో వాళ్లు నిచ్చెన మీద నాలుగు అంతస్తులు ఎక్కి దిగుతుంటారు. ఒక్కో అంతస్తుకు ఎనిమిది అడుగులు, ఒక్కో నేల మందం అడుగున్నర వేసుకున్నా ముప్పై ఎనిమిది అడుగులు కావాలి. ఉన్నవి ఇరవై రెండే. కిటికీలు మూడున్నర అడుగులవి అనుకుంటే ఎత్తు సరిపోతుంది, కానీ అప్పుడు ఆ వైద్యురాలు ఎనిమిది, తొమ్మిది అడుగుల మనిషి కావాలి. రెండు రోజులు దాని మీదే కొట్టుకున్నాను. మాత్రలకు కడుపులో తిప్పుతుంటే కూడా పుస్తకం వదల్లేదు. ఇటుకల వరుసలు లెక్కపెట్టడం ఆ రెండు రోజులూ మర్చిపోయాను.

వాళ్లు నడిచే పొడుగాటి నడవా ఒకటి ఉండేది, అన్ని భాగాల్లోనూ. అత్త దాన్ని సందు అనేది. ఎవరికి కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా ఆ సందులో పడి నడుస్తారు. దాని అడుగులు లెక్కపెట్టే పని అత్త తీసుకుంది. పదకొండో భాగంలో ఆమె ఉన్నట్టుండి లేచి బొమ్మ ఆపింది.

"ఈ సందు మొన్న చూసిందే."

"మొన్నది కింది అంతస్తు అత్తా. ఇది మూడోది."

"అంతస్తు సంగతి నాకు తెలీదు. గోడ మీద ఆ గీత చూడు, నాలుగో లైటు కింద. మొన్న ఎడం పక్క ఉండె, ఇప్పుడు కుడి పక్క ఉండాది. ఒకే అట్టలు తిప్పి ఏసినారు."

మగ్గం మీద చీర అంచులో బుటా రావాలంటే చిల్లులు పొడిచిన అట్టల వరుస ఉంటుంది. అవే అట్టలను వెనక నుంచి ముందుకు తిప్పితే మామిడి పిందె ఇటు తిరిగింది అటు తిరుగుతుంది. చూసేవాళ్లకు రెండు బుటాలు అనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన కళ్లను ఆ సీరియల్ వాళ్లు మోసం చేయలేకపోయారు. వెనక్కి పోయి అన్ని భాగాలూ చూశాం. అన్ని అంతస్తులకూ ఆ గీతే. నాలుగు అంతస్తులూ ఒక్క సందే. తలుపు నుంచి తలుపుకు పద్నాలుగు అంగలు వేశాడు నౌక కెప్టెన్, అంటే ముప్పై ఐదు అడుగుల పొడవు. ఆ చివర మలుపు తిరిగి, కెమెరా ఆపి, మళ్లీ ఆ చివర నుంచే వెనక్కి వస్తున్నారు.

నాకు సంతోషం కలగాలి. లెక్క ఎందుకు కుదరడం లేదో తెలిసిపోయింది. కానీ ఆ మధ్యాహ్నం ట్యాబ్ ఆపేయమని, గోడ వైపు మొహం తిప్పాను. వాళ్లు నడిచినంత దూరం నేనూ వాళ్లతో నడుస్తున్నాననుకుంటున్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు. ఎక్కడో షూటింగు కోసం వేసిన, కిటికీలు లేని ఒక రేకుల షెడ్డు, అందులో ముప్పై ఐదు అడుగుల సందు. అందులో అటూ ఇటూ తిరుగుతూ వాళ్లు, వాళ్లను చూస్తూ ఇక్కడ నేను.

సాయంత్రం అత్త కాఫీ తెచ్చి స్ట్రా నా నోట్లో పెట్టింది.

"వాళ్లకు చేతకాకపోతే పోనీ. నీకు ప్లాన్లు గీసేకి వచ్చు కదా. సరిగ్గా మనమే గీద్దాం."

"ఎందుకత్తా?"

"ఊరికే పండుకోని ఏం చేస్తావు?"

అలా మొదలైంది. నేను ముందు గీసింది బాత్రూము. తలుపుకు గడియ కూడా గీశాను. మామూలుగా ప్లానులో గడియ ఎవరూ గీయరు.

అత్త నీళ్ల దగ్గర మొదలుపెట్టింది. మనిషికి దినానికి రెండు బిందెలు, అంతకు తగ్గితే బతకలేరు అంది. రెండు బిందెలంటే ఇరవై లీటర్లు. ఆరుగురికి రోజుకు నూట ఇరవై. రెండేళ్లకు ఎనభై ఏడు వేల ఆరువందల లీటర్లు. మా వీధికి ఎండాకాలం వచ్చే ట్యాంకరు ఐదు వేల లీటర్లది. ఆ లెక్కన పద్దెనిమిది ట్యాంకర్లు.

"పద్దెనిమిది ట్యాంకర్లా? అన్ని నీళ్లు ఉంటే ఆ బండి ఆకాశానికి ఏంటికి పోతాది? ఈడనే ఉండి వీధికింత పోసుకుంటా బతుకుతాది" అంది అత్త.

నవ్వితే వెన్ను నొప్పి. ఆ రోజు నొప్పితోనే నవ్వాను. తర్వాత ఆమే దారి చెప్పింది. మన ఇంట్లో చేసేదే వాళ్లూ చేయాలి. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలవాలి, గిన్నెలు తొలిచినవి చెట్లకు పోవాలి, స్నానం నీళ్లు దొడ్డికి పోవాలి. ఆఖరికి వాటిని కూడా వడగట్టుకుని మళ్లీ మొదటికి తెచ్చుకోవాలి. అలా తిప్పుకుంటే ఒక్క ట్యాంకరు చాలు. ఐదడుగులు, ఆరడుగులు, ఆరడుగుల తొట్టి. నేను దాన్ని నౌక మధ్యలో గీశాను.

నాలుగో నెలలో ఒక పొద్దున గొడవ జరిగింది. మా వీధిలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది, ముక్కాలు గంట ఉంటుంది. అత్త నాకు పాన్ పెట్టి, కుళాయి చప్పుడు వినిపించగానే బిందెలు తీసుకుని పోయింది. నేను అయిపోయిందని పిలిచాను. వినిపించలేదు. కాసేపటికి అరిచాను. బయట బిందెల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. పాన్ అంచు నడుముకు కోసుకుపోతోంది, కదిలితే ఒలికిపోతుంది. నలభై ఏళ్ల మనిషిని, పది అడుగుల అవతల వాకిలి ఉంది, అయినా ఏమీ చేయలేను. ఆమె చెమటతో లోపలికి వచ్చేసరికి కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు.

"నన్ను ఇట్ల పారేసి పోతావా? నీకు నీళ్లే ఎక్కువైపాయనా? చస్తే గూడ కుళాయి కట్టేసినాకనే వస్తావా?"

ఆమె పాన్ తీసింది, కడిగింది, నాకు బట్ట మార్చింది. మధ్యాహ్నం అన్నం తినిపించింది. పళ్లెం కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాక అంది.

"నేను పదైదు దినాలకని వచ్చినా. నాలుగు నెలలాయ. ధర్మవరంలో మాపటేళ అరుగు మీద నాతో కూర్చునే ఆడోళ్లు ఉండారు. మొన్న ఒకామె సచ్చిపోతే చూసేకి గూడ పోలేదు, నీకు చెప్పలేదు. నిన్ను ఎత్తిపొడిచేకి చెప్తాలేను. నువ్వొక్కదానివే చిక్కుకున్నావని అనుకోవద్దు. నేను గూడ ఈడనే ఉండాను."

ఆమె పళ్లెంలో మిగిలిన మెతుకులు ఒక పక్కకు తోసింది.

"గుంతలో కూర్చున్నప్పుడు కడుపుతో ఉంటిని," అని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. "నీ మొగుడు కడుపులో. ముందర బట్ట చుట్టే దూలం పొట్టకు ఒత్తుకుంటాంటే జరిగేకి చోటుండదు. కొంగు వచ్చేకి ఇంకెన్ని మూరలు ఉండాదో లెక్క పెట్టుకుంటాంటి. అయిపోతే లేస్తా కదా అని. నీకు ఆ లెక్క గూడ లేదు. డాక్టరు ఇంకో నెల, ఇంకో నెల అంటాండాడు. అది నాకు తెలుసు."

ఆమె పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు నెలలుగా ఆ గదిలో ఇద్దరం ఉన్నామని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు ఆమె ఒక చెయ్యి, ఒక గ్లాసు, స్కేలు పట్టుకునే మనిషి. ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి, సెలవు పెట్టి రమ్మన్నాను, అమ్మను పది రోజులు ఊరికి పంపాలని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను.

ఆయన వచ్చాడు. ఓపికగానే చేశాడు. కానీ సీరియల్ పెడితే పది నిమిషాల్లో గురక పెట్టేవాడు, నా పుస్తకం చూసి "బాగుంది" అని పక్కన పెట్టేవాడు. అత్త పోయిన మూడో రోజు ఫోన్ మోగింది. ఆయన దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు.

"ఏమ్మే, మాత్రలు ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండా అత్తా."

"హాస్టల్లో ఉండే మన పాప ఫోన్లో చెప్పింది. పైన పోతే మనుషులు కింద నిలబడరంట కదా. తేలతారంట."

"ఔను. ఆ సీరియల్లో ఊరికే నడిపిస్తాండారు."

"అట్లయితే ఈ పక్క నేల, ఆ పక్క గోడ అని ఉండదు. యాడన్నా పండుకోవచ్చు. నువ్వు గీసిన మంచాలు తుడిచేయ్. ఆ సందు గూడ తుడిచేయ్, నడిచేదే లేనప్పుడు అది ఏంటికి?"

ఫోన్ పెట్టేశాక పుస్తకం అందుకున్నాను. పడుకున్న మనిషికీ నిలబడ్డ మనిషికీ తేడా లేని చోటు. అక్కడ నన్ను ఎవరూ వంగి చూడరు, ఎదురుగా చూస్తారు. రబ్బరు తీసుకుని ఆరు మంచాలూ తుడిచేశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

అత్త సరిగ్గా పది రోజులకే తిరిగి వచ్చింది. సంచిలో నూనె సీసాతోపాటు చుట్టిన కాగితం ఒకటి ఉంది. చీర డిజైన్లు గీసే గ్రాఫు కాగితం. దాని మీద గళ్లకు రంగులు నింపి ఆమె తన నౌకను గీసుకొచ్చింది. పొడుగ్గా లేదు. నీళ్ల డ్రమ్ములాగా ఉంది.

"పొడుగు ఏంటికి? ఇట్ల ఉంటే రేకు తక్కువ పడతాది, చోటు ఎక్కువ వస్తాది. ఎవరికన్నా ఏమన్నా అయితే కేకేస్తే వినపడతాది."

ఆ చివరి మాటకు నేను ఆమె మొహం చూడలేకపోయాను. ఆమె మామూలుగానే ఉంది, వేలితో కాగితం చూపిస్తోంది. లెక్క కట్టాను. ముప్పై అడుగుల అడ్డం, ఇరవై ఏడు అడుగుల ఎత్తు, మూడు అరలు. ఒక్కో అర ఏడువందల చదరపు అడుగులు. సీరియల్ నౌకకు పట్టే రేకులో మూడో వంతుకు కాస్త ఎక్కువతో ఆరుగురూ సరిపోయారు. నీళ్ల తొట్టి నడిమధ్యలో, దాని చుట్టూ ఆరు గదులు. ఒక్కోటి ఆరడుగులు, ఏడడుగులు. నేను ఇంకా చిన్నవి చేసి సామాన్ల గదికి చోటు మిగుల్చుదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. ప్రతి గదికీ తలుపు ఉండాలి, ప్రతి గదికీ ఒక కిటికీ ఉండాలి అంది. కిటికీ ఎక్కువైతే నౌక బలం తగ్గుతుందన్నాను.

"తగ్గనీ. రెండేండ్లు ఉండల్ల వాళ్లు" అంది.

ఐదో నెల చివర మళ్లీ స్కానింగ్ తీశారు. పూసలు అతుక్కుంటున్నాయని డాక్టరు చెప్పాడు. మెడ కింద నుంచి నడుము దాకా పట్టే గట్టి బెల్టు ఇచ్చారు. మొదటిరోజు కూర్చోబెడితే కళ్లు తిరిగి అత్త భుజం మీద వాంతి చేసుకున్నాను. వారం తర్వాత ఆదివారం అత్తవీ మా ఆయనవీ చేతులు పట్టుకుని వాకిలి దాకా నడిచాను. పదకొండు అడుగులు. వీధిలో ఎండ, ఎవరిదో స్కూటరు, కుక్క. అంత దూరం చూసి చాలా రోజులైంది కాబట్టి కళ్లు నొప్పి పెట్టాయి. రెండు నిమిషాల్లో లోపలికి తీసుకుపొమ్మన్నాను. ఎందుకో భయమేసింది. మంచం మీద పడుకున్నాకే గుండె దడ తగ్గింది, అది నాకే నచ్చలేదు.

అత్త ధర్మవరం వెళ్లిపోయింది. అమ్మాయి వచ్చి ట్యాబ్ తీసుకుపోయింది. ఆ నౌక గ్రహం చేరిందో లేదో ఇప్పటికీ మేం చూడలేదు. నేను బెల్టుతో ఆఫీసుకు రెండు గంటల చొప్పున పోవడం మొదలుపెట్టాను. పని మధ్యలో ఆ డ్రమ్ము నౌకను కంప్యూటరులో సరిగ్గా గీసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీశాను. మా ఇంజనీరు అటు పోతూ ఆగి చూశాడు.

"ఇది ఎవరి ప్లాను?"

"మా అత్తది సార్."

"సైటు యాడ?"

చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బాత్రూము తలుపు గడియ మీద వేలు పెట్టి చూసి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మా ఆయన అద్దె కారు మాట్లాడాడు. కారు కుదుపులకు గంటసేపు కూర్చోలేను కాబట్టి వెనక సీటులో పడుకుని ధర్మవరం పోయాను. అత్త అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, బెల్టు మీద చెయ్యి వేసి గట్టిగా ఉందో లేదో చూసింది. తర్వాత అద్దాలు పెట్టుకుని ప్రింటును నేల మీద పరిచింది. పక్కనున్న ఆడవాళ్లకు ఒక్కో గదీ చూపించింది. ఇది నీళ్ల తొట్టి, ఇది వంటకు, ఇవి పండుకునేకి. ఒకామె, ఇంత చిన్న బండిలో రెండేండ్లు ఎట్లుంటారు అని అడిగింది.

"ఉంటారు. ఒకరికొకరు ఉంటారు కదా" అని, అత్త నా వైపు తిరిగింది. "ఏమ్మే, ఈ వంట తలుపు తెరిస్తే ఈ తలుపుకు తగులుతాది. తిప్పి గీయి."

నిజంగానే తగులుతుంది. అన్నిసార్లు చూసినా నాకు కనిపించలేదు. తిప్పి గీస్తానన్నాను. రెండు గంటలకు మించి ఉండలేకపోయాను, వెన్ను లాగడం మొదలైంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ వెనక సీటులో పడుకున్నాను. అద్దంలోంచి ఆకాశం, కరెంటు తీగలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎక్కడికి వచ్చాం అని మా ఆయనను అడుగుతూ పోయాను. ఆయన ముందు సీటులోంచి ఒక్కో ఊరి పేరూ చెబుతూ వచ్చాడు.